శోధన – చిత్తము: రెండు మాటలపై విమర్శ

మాటలు వంటయింటి కత్తిపీటల వంటివి. ప్రతిదినము వాడుచుండుటచే వాని యంచు అరిగినదో వంగినదో మనము గమనింపము. కోయవలసినదానిని కోయక, చేతిని కోసిననాడు గదా దానిని వెలుతురునకు దెచ్చి పరిశీలింతుము. తెలుగు క్రైస్తవుల ప్రార్థనలయందు నిత్యము వినవచ్చు ‘శోధన’, ‘చిత్తము’ అను రెండు మాటలను గూర్చి నేనిట్లు వ్రాయ బూనుటకు కారణము కూడ అట్టిదే.

మా సాలూరు వేగావతీ తీరమున, కోరాపుట్ ఘాటుదారి మొదట నున్న చిన్న పట్టణము. 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. ఇచట నేను పిల్లలకు తెలుగును, ఇంగ్లీషును చెప్పుకొని బ్రతుకువాడను. కొన్ని యేండ్ల క్రిందట మా పొరుగున నొక క్రైస్తవ గృహమున తొలిచూలు బిడ్డకు నొప్పులు వచ్చినవి. రాత్రి గడచినను కాన్పు కాలేదు. ఆసుపత్రికి పోవుదమని తల్లి తొందరపడెను. ఆ యింట ప్రార్థన జరుపుచుండిన బోధకుడొకడు, ఆ తలంపు విశ్వాసమునకు వచ్చిన శోధన యనియు, మోకాళ్ళపై నుండి దానిని జయింపవలెననియు నచ్చజెప్పెను. మరునాటి మధ్యాహ్నమునకు గాని బండి రాలేదు. బిడ్డ దక్కెను, తల్లి దక్కలేదు. సమాధి వేళ ఆ బోధకుడే లేచి, ఇది దేవుని చిత్తమనియు, సణుగక అంగీకరింపుడనియు చెప్పెను. అరుగుమీద కూర్చుండిన తండ్రి తల యెత్తి, “మరి ఆ ఆసుపత్రి ఎవుల సిత్తం వల్ల కట్టినారు బాబూ?” అని అడిగెను. ఎవరును మారు పలుకలేదు. నేనును పలుకలేదు.

ఆ బోధకుని నిందించుట నా యుద్దేశము కాదు. అతడు కపటి కాడు. ఆనాడు అందరితోబాటు అతడును ఏడ్చెను. అతని మనస్సు మంచిదే. కాని అతని చేతిలో పెట్టబడిన రెండు మాటలు చెడిపోయి యున్నవి. ‘శోధన’ యను మాట తలుపు మూసెను. ‘చిత్తము’ అను మాట దానికి తాళము వేసెను. ఒక స్త్రీ ప్రాణము ఆ రెంటి నడుమ చిక్కుకొనెను. కావున ఈ విచారము కేవలము నిఘంటువునకు సంబంధించినది కాదు. నేను క్రైస్తవుడనా కానా యనుటయు ఇచట అప్రస్తుతము. తెలుగు మాటకు తెలుగువాడెల్ల బాధ్యుడే.

ముందుగా ఈ మాటలు మనకు వచ్చిన దారిని కొంచెము స్మరింతము. 1805లో లండను మిషనరీ సొసైటీ పక్షమున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చుకొని సువార్తల ననువదింప మొదలిడిరి. ఆనందరాయరను దేశీయ పండితుడు వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. వారి శ్రమఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. అటుపిమ్మట ఎందరో విదేశీయులును, స్వదేశీయులును తిరుగవ్రాసి, సవరించి, నేటి రూపమునకు దెచ్చిరి. పరాయి నేలలో జ్వరములతో పోరాడుచు, వ్యాకరణములు సరిగా లేని కాలమున వారు చేసిన కార్యమునకు మనము నమస్కరింపవలెను. వారి మాటలను విమర్శించుట వారిని తక్కువ చేయుట గాదు. వారి పనిని కొనసాగించుటయే.

ఇక ‘శోధన’. ఇది సంస్కృతమున ‘శుధ్’ ధాతువునుండి పుట్టినది. శుద్ధి చేయుట దీని మొదటి యర్థము. వైద్యులు దేహమునందలి దోషములను వెడలించు చికిత్సను శోధనమందురు. రసశాస్త్రజ్ఞులు లోహముల మాలిన్యమును తొలగించుటను శోధనమందురు. తెలుగున వెదకుట, పరీక్షించుట అను అర్థములు దానికి చేరినవి. గ్రీకు మూలమున నున్న ‘పెయిరాస్మోస్’ అను మాటకు పరీక్ష యనియు, ప్రలోభమనియు రెండర్థములు కలవు. పరీక్షించువాడు నిలుపగోరును, ప్రలోభపెట్టువాడు పడద్రోయగోరును. కంసాలి బంగారమును నిప్పున పెట్టుటయు, దొంగ దానిని కరగబెట్టుటయు చూచుటకు ఒక్కటే. ఉద్దేశములు మాత్రము వేరు. మన ‘శోధన’ కంసాలిని చక్కగా చూపును, దొంగను దాచివేయును.

యాకోబు వ్రాసిన పత్రిక మొదటి యధ్యాయమున ఈ చిక్కు స్పష్టముగా కనబడును. అధ్యాయారంభమున శోధనలు వచ్చినపుడు సంతోషింపుడని బోధ కలదు. కొన్ని వాక్యములు గడచిన తరువాత, దేవుడెవనిని శోధింపడనియు, ప్రతివాడును తన దురాశచేతనే యీడ్వబడుననియు అదే లేఖకుడు చెప్పును. మొదటిచోట కష్టమను పరీక్ష. రెండవచోట పాపమునకు లాగు ప్రలోభము. రెంటికిని ఒక్క మాటయే వాడుటచే, మా పాఠశాలలో తెలివిగల బాలిక యొకతె, “సంతోషపడవలసినదాని నుండి తప్పింపుమని ప్రార్థించుట యెందుకు?” అని నన్నడిగినది. ప్రశ్న న్యాయమైనది. ఈ చిక్కు మనకే గాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనయందలి ఈ వాక్యమును ఫ్రెంచి కాథలిక్కులు 2017 చివర మార్చుకొనిరి. అప్పటి పోపు ఫ్రాన్సిస్, దేవుడే మనుష్యుని శోధనలోనికి నడుపునట్లు తోచు అనువాదము మంచిది కాదని ఆ సంవత్సరముననే బహిరంగముగా చెప్పెను. ఇటలీ వారి మార్పు 2020 నుండి ఆచరణలోనికి వచ్చెను. పిల్లలు అడుగు ప్రశ్నకు పెద్దలు సమాధానము వెదకుట అవమానము కాదని దీనివలన తెలియుచున్నది.

సంస్కృతము చదివినవారికి ఈ భేదము తేలికగా నెరుక పడును. కఠోపనిషత్తున యముడు నచికేతునకు దీర్ఘాయువులగు పుత్రపౌత్రులను, పశువులను, రథములను, రాజ్యమును ఇచ్చెదనని చెప్పి ప్రశ్నను మానుకొమ్మనును. బాలుడు చలింపడు. అప్పుడు యముడు సంతసించి ఉపదేశించును. యముడు గురువు; శిష్యుడు నిలువవలెనని అతని కోరిక. ఇదియే సరియైన శోధన. అరణ్యమున నలువది దినములుపవసించిన క్రీస్తు నొద్దకు వచ్చినవాడు గురువు కాడు. వాడు కోరినది పతనము. వాని పనికి ప్రలోభనమే తగిన పేరు. రెండు ఘట్టములయందును చూపబడిన వస్తువులు రాజ్యాదులే. కాని చూపినవాని మనస్సు వేరు. ఒక్క మాటతో రెంటిని పిలిచినచో యముని గౌరవము సైతానునకు చెందును.

ఆ అరణ్య ఘట్టమును మరికొంత సూక్ష్మముగా చూడవలసి యున్నది. మన ప్రసంగములయందు ప్రలోభనమనగా కల్లుసారాయి, జూదము, పరస్త్రీ, సినిమా అని జాబితా చదువుట పరిపాటి. అవి చెడ్డవి కావని నేననను. కాని సువార్తయందలి మూడు ప్రలోభనములలో ఇట్టివి యొక్కటియు లేదు. రాళ్ళను రొట్టెలు చేయుమనుట ఆకలి గలవానికి అన్నము. దేవాలయ శిఖరము నుండి దూకుమనుట దేవునిపై నమ్మకము. లోక రాజ్యములను గైకొనుమనుట మంచివాని చేతికి అధికారము. మూడును మేలు రూపమున వచ్చినవే. అందు రెండవది లేఖన వాక్యమునే చేతబట్టుకొని వచ్చినది. నీతిమంతుని యొద్దకు పాపము పాపవేషముతో రాదు; పుణ్యవేషముతోనే వచ్చును. రష్యా రచయిత దస్తయేవ్‌స్కీ 1880లో ముగించిన ‘కరమజోవ్ సోదరులు’ అను నవలలో ఒక వృద్ధ మతాధికారి, ఈ మూటిని త్రోసిపుచ్చుట పొరపాటని క్రీస్తుతోనే వాదించును. మతము ప్రలోభనమును ఎదిరించునదియే కాదు, ఒక్కొక్కప్పుడు దానికి పీఠముగా కూడ మారునని ఆ మహారచయిత కనుగొనెను.

మిల్టను మహాకవి 1671లో ప్రకటించిన ‘ప్యారడైజ్ రీగెయిన్డ్’ అను నాలుగు సర్గల కావ్యమునకు ఈ ఘట్టమే వస్తువు. నష్టస్వర్గము సిలువపై గాక అరణ్యమున, ‘వలదు’ అను నిరాకరణముతో తిరిగి లభించెనని అతని ఊహ. ఆ కావ్యమున విందులు, తుఫానులు, ఏథెన్సు విద్యల వర్ణనలు మూలమునకు మించి పెరిగినవి, ప్రలోభనము వాదసభయైపోయినది. ఇది దోషమే. కాని ముగింపు మాత్రము అద్భుతము. అంత జయము పొందిన నాయకుడు భేరీలు మ్రోగించుకొనక, సద్దు లేక తన తల్లి యింటికి తిరిగి పోవును. ప్రలోభనమును జయించినవాని గురుతు అదియే. అతడు తన జయమును చాటడు. తన కొరకు కనిపెట్టుకొని యున్న యింటికి పోవును.

ఇప్పుడు మా పొరుగింటి సంగతికి వత్తము. రెండవ ప్రలోభనమును మరల చదువుడు. శిఖరమునకు మెట్లున్నవి. మెట్లు దిగి వచ్చుటకు అద్భుతము అక్కరలేదు. అయినను మెట్లను విడచి దూకుమనియు, దేవదూతలు పట్టుకొందురనియు వాడు చెప్పెను. దేవుని పరీక్షింపరాదని క్రీస్తు బదులు చెప్పెను. ఇచట తెలుగు బైబిలు వాడిన క్రియ ఏది? ‘శోధించు’ అనునదే! దేవుడు మనుష్యుని శోధించుట యొకటి, సైతాను మనుష్యుని శోధించుట యొకటి, మనుష్యుడు దేవుని శోధించుట మూడవది. ఈ మూడవ యర్థమును మన బోధకులు చెప్పుట అరుదు. ఆనాటి రాత్రి ఆసుపత్రి మెట్లవలె దగ్గరనే యుండెను. తల్లి మెట్లు దిగుదమనెను. బోధకుడు దూకుమనెను. వారు శోధనను జయించుచున్నామనుకొనిరి. నిజమునకు దేవునినే శోధించుచుండిరి. ఒక మాటకు గల మూడర్థములను వేరుచేసి చెప్పియుండినచో, ఆ తల్లి మాటయే లేఖనానుసారమైనదని ఆ యింట తెలిసియుండెడిది.

ఇక ‘చిత్తము’. పతంజలి శాస్త్రమున చిత్తము నిరోధింపదగిన చంచల వస్తువు. తెలుగున ఈ మాట నడచిన త్రోవ వేరు. ఇది సంస్థానముల కచేరీలలో పెరిగినది. బొబ్బిలి, విజయనగరము, కురుపాము, సాలూరు జమీందారీలున్న ఈ సీమలో ‘చిత్తం’ అనునది చేతులు కట్టుకొని నిలిచినవాని మాట. దొర ఏమి సెలవిచ్చినను ‘చిత్తం’. శిస్తు పెంచిన ‘చిత్తం’. భూమి తీసికొన్న ‘చిత్తం’. ‘తమ చిత్తం, మా భాగ్యం’ అను జోడుమాటలో ఎంత వినయము కలదో అంత నిరాశయు కలదు. 1948 నాటి మద్రాసు శాసనముతో జమీందారీల రద్దు మొదలైనది. కాని భాషయందలి జమీందారీ అంత త్వరగా రద్దు కాదు. ప్రార్థనలో ‘నీ చిత్తము’ అనునపుడు మన తాతల చెవిలో ఈ కచేరీ ధ్వనియే మ్రోగియుండును. దేవుడు పెద్ద జమీందారుడు, మనము పేదరైతులము, అడుగరాదు, సణుగరాదు.

గ్రీకు మూలమున నున్నది ‘థెలేమా’. ఇచ్ఛ, సంకల్పము, కోరిక అని దాని యర్థము. గెత్సేమనే తోటలో క్రీస్తు దానిని దొర యెదుట పలుకలేదు. తండ్రి యెదుట పలికెను. అంతకు ముందు ఆయన ‘చిత్తం’ అని మౌనముగా తల వంచలేదు. సాధ్యమైనచో ఆ పాత్ర తన నుండి తొలగవలెనని అడిగెను, నేలపై సాగిలపడి అడిగెను, మూడుమారులు అడిగెను. అడుగుట అవిశ్వాసమైనచో ఆయన యేల అడిగెను? తప్పించుకొనుటకు చేయదగినదంతయు అడిగి, తప్పనిదని తెలిసిన తరువాత ఒప్పుకొనుట కొడుకు చేయు పని. అడుగకయే ఒప్పుకొనుట బానిస చేయు పని. మన ప్రసంగములు తరచుగా రెండవదానిని మొదటిదానికి బదులుగా అమ్ముచున్నవి.

అంతియే కాదు. శోధన, చిత్తము అను రెండు మాటలును ఒక్కచోట కలిసికొనునది ఈ తోటయందే. మత్తయి సువార్త ఇరువదియారవ యధ్యాయమున, క్రీస్తు నిద్రించుచున్న శిష్యులను లేపి, శోధనలో పడకుండ మెలకువగా ప్రార్థింపుడని చెప్పి, వెంటనే మరల పోయి తండ్రి చిత్తమును గూర్చి ప్రార్థించెను. ఆ రెండవ ప్రార్థనలోని గ్రీకు పలుకులు, ఆయన పూర్వము శిష్యులకు నేర్పిన ప్రార్థనలోని పలుకులే. తాను నేర్పిన పాఠమును గురువు తానే అప్పజెప్పిన ఘట్టమిది. ఉపాధ్యాయుడనగుటచే నాకిది మిక్కిలి హృదయంగమము. మరి ఆ రాత్రి శిష్యులకు వచ్చిన శోధన యేది? మద్యము కాదు, ధనము కాదు. నిద్ర. దుఃఖముచే నిద్రించిరని లూకా చెప్పును. తరువాత వచ్చినది కత్తి. ఆ తరువాతది పరుగు. మెలకువగా నుండవలసిన వేళ నిద్రించుట, పిదప తొందరపడి కత్తి దూయుట, కడకు పారిపోవుట. మన గృహములయందును, సంఘములయందును జరుగునది ఇంచుమించుగా ఇదియే. రోగి ప్రక్కన మెలకువగా నుండవలసినపుడు మనము భక్తి యను దుప్పటి కప్పుకొని నిద్రింతుము.

దేవుని చిత్తమేదో తెలిసికొనుటకు మరియొక దారి కలదు. మార్కు సువార్త మొదటి యధ్యాయమున ఒక కుష్ఠరోగి వచ్చి మోకరించును. నీకు సమ్మతమైనచో నన్ను శుద్ధుని చేయగలవని అతని విన్నపము. క్రీస్తు చేయి చాపి, అతనిని ముట్టి, తనకది సమ్మతమేయని పలికెను. అచట గ్రీకున నున్న క్రియ, ‘థెలేమా’ అను నామవాచకమునకు మూలమైన క్రియయే. తెలుగు బైబిలు దానిని ‘ఇష్టము’ అను మాటతో చెప్పినది. అనువాదము తప్పు కాదు. కాని తోటలో ‘చిత్తము’, ఇచట ‘ఇష్టము’ అగుటచే రెంటికి గల చుట్టరికము తెలుగు చదువరికి తెలియకపోయెను. తెలిసినచో అతడు తప్పక గ్రహించును. దేవుని చిత్తమేమని ఒక రోగి ముఖాముఖిగా అడిగినపుడు వచ్చిన సమాధానము రోగము కాదు, ఆరోగ్యము. ఆ శుద్ధియను మాటయు మన శోధనయు ఒక్క ధాతువు బిడ్డలే. ఎవరును అంటరాదన్న దేహమును అంటుటయే ఆ దినపు శోధనము.

ఈ విషయము మా సాలూరివారికి పుస్తకములలో వెదకవలసిన పని లేదు. జర్మనీ దేశపు బ్రెక్లుం గ్రామమున వెలసిన లూథరను మిషను 1880 తరువాతి దశాబ్దమున ఈ సాలూరు, కోరాపుట్ సీమలకు వచ్చెను. ఆ మిషనరీల కృషినుండి పెరిగినదే మా ఊరి ఫిలడెల్ఫియా కుష్ఠు వైద్యశాల. ఫిలడెల్ఫియా యనగా సోదర ప్రేమ. కుష్ఠము పూర్వజన్మ పాపఫలమని హిందువులనిరి. దేవుని శిక్షయని క్రైస్తవులలోను కొందరనిరి. పేర్లు వేరు, ఫలితమొక్కటే, రోగి ఊరి వెలుపలికి పోవలెను. కాని 1873లో నార్వే దేశమున హాన్‌సన్ అను వైద్యుడు ఆ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1940 తరువాత డాప్సోను మందు వాడుకలోనికి వచ్చెను. 1981లో ప్రపంచారోగ్య సంస్థ కూర్చిన నిపుణులు కొన్ని మందులను కలిపి వాడు చికిత్సను నిర్ణయించిరి. 2005 డిసెంబరు నాటికి మన దేశమున పదివేలమందికి ఒకరి కంటె తక్కువగా రోగులున్న స్థితి యేర్పడెను. రోగము నేటికిని పూర్తిగా పోలేదు. మచ్చను దాచుకొనువారు నేటికిని కలరు. కాని ఒకనాడు చిత్తమనుకొన్నది నేడు మాత్రలకు లొంగుచున్నది. దేవుని చిత్తము మారెనా? లేదు. మనము దానికి పెట్టిన పేరు తప్పు.

“అట్లయినచో ఓర్పునకు విలువ లేదా? యోబు సంగతి యేమి?” అని కొందరడుగుదురు. యోబు గ్రంథము నలువదిరెండు అధ్యాయములది. మన ప్రసంగములలో వినబడునది మొదటి రెండును, చివరిదియు. నడుమ నున్నదంతయు ఆర్తనాదము. యోబు తన జన్మదినమును శపించును, దేవునితో వ్యాజ్యెమాడగోరును. అతని మిత్రులు మాత్రము మిక్కిలి భక్తితో, కష్టము పాపఫలమనియు, ఒప్పుకొమ్మనియు బోధింతురు. కడపట దేవుడు కోపించినది ఎవరిపై? యోబుపై గాదు, ఆ మిత్రులపై. తెలుగువారికి ఇది వింత కారాదు. గోలకొండ చెరలో రామదాసు తన రాముని నిలదీసెను; ఆ నిష్ఠురమును మనము నాస్తికత్వమనలేదు, భక్తి యంటిమి. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మము పొంది, తెలుగు క్రైస్తవులకు కీర్తనలు వ్రాసినపుడు ఆ దేశీయ సంకీర్తన ఫణితినే గైకొనెను. పాటలో మొరపెట్టుకొను హక్కును మన క్రైస్తవులు నిలుపుకొని, ప్రసంగములో దానిని పోగొట్టుకొనుట విచారకరము.

ఓర్పునకు విలువ కలదు, మిక్కిలి కలదు. దాని చోటు ఏదో మాత్రము తెలియవలెను. మా ఊరి వృద్ధురాలొకతె ఆ రోగమున చేతివ్రేళ్ళను పోగొట్టుకొన్నది. ఆమెను పలుకరింప పోయినపుడు, ఆ మొండి చేతులు జోడించి, “నా మట్టుకి ఆయన సిత్తమే బాబూ! గుంటడికి మాత్రం ఒంటిమీద మచ్చ అగుపడింది. రేపే ఆసుపత్రికి తీసుకెళ్లాల,” అనెను. గుంటడనగా మనుమడు. వేదాంత గ్రంథములు చెప్పలేని భేదమును ఆమె రెండు వాక్యములలో చెప్పినది. తిరిగిరాని తన వ్రేళ్ళను గూర్చి ‘చిత్తము’ అనుట ఆమె హక్కు, ఆమె ధైర్యము. మనుమని మచ్చను గూర్చి ఆ మాట అనుట ఆమెకు తోచనే లేదు. గెత్సేమనేలో క్రీస్తు పలికినదియు తన పాత్రను గూర్చియే; ఒకని కుమార్తె మరణశయ్యను గూర్చి గాని, ఒకని గ్రుడ్డితనమును గూర్చి గాని ఆయన ఆ మాట పలికి మరలిపోలేదు. ‘నీ చిత్తము’ ఉత్తమ పురుషలో పలుకవలసిన ప్రార్థన. మధ్యమ పురుషలో ఇతరుల తలపై పెట్టినచో అది ప్రార్థన కాదు, తీర్పు.

అయితే ఈ మాటలను మార్చివేయుదమా? తరతరములుగా తల్లులు పిల్లలకు నేర్పిన ప్రార్థనలో ఒక్క యక్షరము కదిపినను గుండెలు నొచ్చును. మాట మార్చినంతనే బుద్ధి మారదు. ‘ప్రలోభనము’ అనినను దానిని కల్లు దుకాణమునకే పరిమితము చేయువారుందురు. ‘సంకల్పము’ అనినను దానిని తాళముగా వాడువారుందురు. కావున ప్రార్థనను ఉన్నట్లే యుంచుదము. కాని యింట ప్రార్థన ముగిసిన తరువాత దీపము వద్ద పిల్లలు కూర్చుండినపుడు, తల్లిగాని తండ్రిగాని ఒక్క ఘడియ ఈ మాటలను విప్పి చెప్పవలెను. శోధన మూడు విధములనియు, వానిలో దేవుని పరీక్షించుట యొకటనియు చెప్పవలెను. చిత్తము దొర యానతి కాదు, తండ్రి కోరిక యనియు, ఆ కోరిక కుష్ఠరోగిని ముట్టినదనియు చెప్పవలెను. ముఖ్యముగా ఆడపిల్లలకు చెప్పవలెను; ఏలయన ఈ రెండు మాటల బరువు మన యిండ్లలో ఎక్కువగా మోయుచున్నది వారే. తాగివచ్చి కొట్టు భర్తను సహించుట దేవుని చిత్తమనియు, పుట్టింటికి పోదమను తలంపు శోధనయనియు విన్న సోదరీమణులు ఎందరో కలరు.

ఆనాడు అరుగుమీద ఆ తండ్రి వేసిన ప్రశ్నకు ఎవరును బదులు చెప్పలేదంటిని. నాకిప్పుడు తోచు బదులిది. తాతా, ఆ ఆసుపత్రి ఆయన చిత్తము వల్లనే కట్టినారు. నీ బిడ్డను దానియొద్దకు తీసికొని పోవుదమన్న తల్లి మాటయే ఆనాటి రాత్రి ఆ యింట పలుకబడిన ప్రార్థన. మేము దానిని వినలేదు. మెలకువగా నుండుమని చెప్పబడినను నిద్రించితిమి. ఆ నిద్రలో పొరుగువాడనగు నాకును పాలు కలదు.

ఆ పసిబిడ్డ ఇప్పుడు మా పాఠశాలకే వచ్చుచున్నది. ఇంకను చిన్నది, ప్రార్థన కంఠస్థముగా చెప్పును, అర్థమడుగదు. అడుగు దినము వచ్చును. ఆ దినమునకు మనము సిద్ధముగా నుండవలెను.